పడమటి ఫ్రేమ్ మెలి తిరిగింది: టెర్రస్ చెక్క స్క్రీన్, వానాకాలం తర్వాత

వానలు తగ్గితే టెర్రస్ స్క్రీన్‌కి బిగించిన చెక్క పట్టీలు వాటంతటవే చక్కబడతాయని అందరూ చెప్పారు. చక్కబడలేదు. ఆగస్టులో బయటికి ఉబ్బిన పట్టీలు ఇప్పుడు, అక్టోబరులో, అదే ముఖం మీద గుంట పడ్డాయి. ఉబ్బిన చెక్క ఎండితే సాపు కావాలి కదా, సాపు దాటి అవతలి వైపుకి ఎందుకు వెళ్ళింది? చిరాకుగా ఉంది, కానీ దీని అంతు తేల్చాలన్న పట్టుదల కూడా వచ్చేసింది.

ఉత్తరం వైపు రెండు ఫ్రేములూ బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

బాధంతా పడమటి ఫ్రేమ్‌తోనే. 40 మి.మీ. స్క్వేర్ పైపు, 1200 వెడల్పు, 1800 ఎత్తు. అడ్డంగా 23 టేకు పట్టీలు, ఒక్కోటి 66 వెడల్పు, 18 మందం, మధ్య సందు 12. స్క్రూలు ముందుకి కనపడకుండా వెనక పైపులోంచి, ఒక్కో చివరకి రెండేసి. నూనె నాలుగు ముఖాలకీ, చివర్లకీ పట్టించాను. ఉత్తరపు ఫ్రేములకీ ఇదే చెక్క, ఇదే నూనె, ఇవే స్క్రూలు.

పై నుంచి లెక్కపెడితే 7, 8, 9, 11 నంబరు పట్టీలు పాడయ్యాయి. ఎందుకు అవే అంటే, పై అయిదింటికీ సజ్జా నీడ ఉంది. కింది పదకొండూ మూడడుగుల పిట్టగోడ చాటున ఉన్నాయి. మిగిలిన ఏడింటికే వాన జల్లు, సాయంత్రపు ఎండ రెండూ నేరుగా తగులుతాయి. హైదరాబాద్‌లో నైరుతి కాలమంతా గాలి పడమటి నుంచే వీస్తుంది కాబట్టి జల్లు ఆ ముఖానికే కొడుతుంది. ఇంతవరకు తేలిగ్గానే అర్థమైంది.

కొలతలు చూడండి. మే నెలలో పట్టీల తేమ 8 శాతం. ఆగస్టులో బయటి ముఖం 18, లోపలి ముఖం 13. టేకులో తేమ ఒక్క శాతం పెరిగితే వెడల్పు దాదాపు 0.2 శాతం పెరుగుతుంది. సగటున ఏడున్నర శాతం పెరుగుదలకి 66 మి.మీ. పట్టీ ఒక మిల్లీమీటరు ఉబ్బాలి, 12 సందు 11 కావాలి. చివర్ల దగ్గర అచ్చంగా 11 వచ్చింది. కానీ 8కీ 9కీ మధ్య నడిమి సందు 6.5. 9కీ 10కీ మధ్య 15.5. అంటే తొమ్మిదో పట్టీ ఉబ్బడమే కాదు, విల్లులా పైకి నాలుగున్నర మి.మీ. వంగింది. దానికి తోడు మెలి: కుడి చివర సాపుగా బిగిస్తే ఎడమ చివర పై మూల పైపు నుంచి 6 మి.మీ. లేస్తోంది. ఏడో పట్టీ స్క్రూ రంధ్రం దగ్గర నెర్రె ఇచ్చింది.

గుంట సంగతి మాత్రం దాదాపు తేలిందనుకుంటున్నాను. తడిసిన బయటి ముఖం ఉబ్బాలని చూస్తుంది. వెనకాల పొడి చెక్క, చివర్లలో స్క్రూలు దాన్ని ఉబ్బనివ్వవు. అప్పుడు పైపొరలో పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుని చితుకుతాయి. ఎండాక ఆ పొర మొదటికంటే కురచవుతుంది, పట్టీని తన వైపుకి లాగుతుంది. ఆగస్టులో ఒకటిన్నర మి.మీ. ఉబ్బు, ఇప్పుడు ఒక మి.మీ. గుంట. లెక్క కుదురుతోంది.

మెలి మాత్రం లొంగడం లేదు. ముందు తెల్లచెక్క (చేవ చుట్టూ ఉండే లేత చెక్క) మీద అనుమానపడ్డాను, కానీ ఎనిమిదో పట్టీలో అంచు నుంచి అంచు దాకా చేవే ఉంది, అయినా తిరిగింది. రంగు ముదురు కావడం వల్ల వేడెక్కుతోందా అని మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే పదో పట్టీ కూడా అంతే వేడిగా ఉంది, అది చెక్కు చెదరలేదు. చివరికి భూతద్దం పెట్టి చూశాను. 9, 11 పట్టీల మీద సన్నని నెర్రెలు నిడివి వెంట కాకుండా ఏటవాలుగా, పన్నెండు అంగుళాలకి ఒక అంగుళం చొప్పున, పక్కకి పోతున్నాయి. నెర్రె ఎప్పుడూ పోగు వెంటే నడుస్తుంది. అంటే ఆ మానులోనే పోగు సుడి తిరిగి ఉంది. అలాంటి చెక్క తడిసి ఎండిన ప్రతిసారీ మెలి పడుతుంది, నూనె ఆపలేదు. కానీ 7, 8 పట్టీల్లో పోగు తిన్నగానే ఉంది. అవెందుకు తిరిగాయి? వాటి చివరల్లో మాను పెరుగుదల వలయాలు పట్టీ వెడల్పుకి సమాంతరంగా పడుకుని ఉన్నాయి, పదోదాంట్లో నిటారుగా ఉన్నాయి. నిటారు వలయాల కోతలో కదలిక దాదాపు సగమే. నా అనుమానం దీని మీదే.

ఏడో పట్టీ వెనక నిడివంతా 5 మి.మీ. లోతున రెండు రంపపు గాళ్ళు తీస్తే గుంట సగానికి తగ్గింది, మెలి తగ్గలేదు. ఎనిమిదోదానికి పైపులో రంధ్రాలు కోలగా చేసి వదులుగా బిగించాను, ఇక నెర్రె భయం లేదు, మెలి అలాగే ఉంది. తొమ్మిదోదానికి నడిమిన నిలువు పట్టీ ఆనిస్తే విల్లు ఒక మి.మీ.కి వచ్చింది, మూల మాత్రం ఇంకా 4 మి.మీ. లేస్తోంది.

నూనె గురించి చాలామంది అడుగుతున్నారు. ఆరుబయట చెక్కకి పీయూ (పాలీయురేథేన్) పాలిష్ నాకు నచ్చదు. ఒకచోట పొర లేస్తే మొత్తం గీకాల్సిందే. ఓస్మో కంపెనీ చెక్క నూనె ఖరీదే, కానీ వెలిసినచోట తుడిచి మళ్ళీ పూస్తే సరిపోతుంది. పచ్చి అవిసె నూనె వద్దు, వానాకాలంలో నల్ల బూజు పడుతుంది. స్క్రూలు ఇక్కడ 304 గ్రేడ్ స్టీలు చాలు. విశాఖ, కాకినాడ వాళ్ళు మాత్రం 316 తీసుకోండి, ఉప్పుగాలికి 304 మీద గోధుమ మరకలు వస్తాయి. మామూలు ఇనుప స్క్రూలైతే టేకు మీద నల్ల చారలు ఖాయం.

జల్లు, ఎండ నేరుగా తగిలే ఏడు పట్టీలూ తీసేస్తున్నాను. టింబర్ డిపోలో పెద్దాయన "పాత ఇళ్ళ దూలాలు వస్తాయి, అవి కోయించుకో బాబూ" అన్నారు. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క, పైగా దూలం పెద్దది కాబట్టి నిటారు వలయాలు వచ్చేలా కోయమని సామిల్లులో అడగొచ్చు. మేకులు మాత్రం ముందే వెతికి పీకాలి, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. ఈసారి వెడల్పు 66 కాదు, 42. సన్నదైతే గుంట లోతు కూడా తగ్గుతుంది. కోయించాక నీడలో పేర్చి, తేమ మీటరులో 11 శాతం దగ్గర నిలిచాకే బిగిస్తాను. ఎండాకాలపు 8 దగ్గర బిగించను.

ఆ ఫ్రేమ్ పక్కన రాధామనోహరం పాకించాలని ఇంట్లో అడుగుతున్నారు. తీగ చెక్కకి ఆనితే తేమ ఆరదు, కాబట్టి పైపుకి నాలుగంగుళాల ఎడంగా విడిగా స్టీలు తీగ లాగుతాను. దానికి కావలసిన కొక్కేలు కొనేశాను, కుండీకి చోటు మాత్రం ఇంకా చూడాలి.