ఆరి మళ్ళీ వెలిగే ఆ పసుపు లైటు

మొదటిసారి అది కనిపించింది మా అపార్ట్‌మెంట్ గేటు దాటాక. మామూలుగా తాళం తిప్పగానే మీటర్లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం తిరగడం మానకుండా చూసే ఏర్పాటు) లైటు వెలుగుతుంది, బండి కదిలి నాలుగు గజాలు పోగానే ఆరిపోతుంది. రెండు చక్రాలూ తిరుగుతున్నాయని సెన్సర్ల నుంచి కబురు అందితేనే అది ఆరేది. ఆ రోజు ఆరినట్టే ఆరి, గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ దాటగానే మళ్ళీ వెలిగింది. తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడలో ఆఫీసు చేరేదాకా అలాగే ఉంది. సాయంత్రం స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు ఆరిపోయింది. నేనూ మర్చిపోయాను.

నాది 2019లో కొన్న బండి. 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండాలన్న రూలు అన్ని మోడళ్ళకూ వర్తించింది ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే. కొన్నప్పుడు దానికోసం ఎక్కువ డబ్బు పెట్టానని సణిగాను కానీ, వానాకాలం రెండు దాటేసరికి చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. చిక్కు అక్కడే ఉంది. లైటు వెలిగి ఉంటే ఏబీఎస్ పనిచేయదు; బ్రేకులు పోవు, మామూలు డిస్క్ బ్రేకుల్లా పడతాయి. చెయ్యి మాత్రం ఏబీఎస్ ఉందనుకునే నొక్కుతుంది. ఒక సాయంత్రం తుంపర్లో, లైటు వెలిగే ఉంది, ముందు పోతున్న ఆటో ఎవరో చెయ్యెత్తారని ఉన్నచోటే ఆగింది. అలవాటుగా గట్టిగా పట్టాను. ముందు చక్రం తిరగడం మానేసి జారింది. లివర్ వదిలేయాలని ఎలా తోచిందో తోచింది, వదిలాను, బండి నిలబడింది. ఆటోకీ నాకూ మధ్య జానెడు. ఇంట్లో చెప్పలేదు.

అప్పటికే సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చాను. డాక్టర్ గుమ్మం ఎక్కగానే తగ్గే పంటినొప్పిలాగా, అక్కడికి పోగానే లైటు ఆరిపోయేది. స్కానర్ పెడితే ముందు చక్రం సెన్సర్లో లోపమని కోడ్ వచ్చేది. సెన్సర్ తుడిచి, కోడ్ చెరిపేసి పంపేవాళ్ళు. మూడోసారి "ఏబీఎస్ యూనిట్ మార్చాలి సార్" అన్నారు. ఇరవై ఎనిమిది వేలు. కోడ్ సెన్సర్ అంటుంటే యూనిట్ ఎందుకు మార్చాలని అడిగితే, "అన్నీ చూశాం కదా సార్, ఇంక మిగిలింది అదే" అన్నారు. ఏది పోయిందో తెలిసి మార్చడం వేరు, మిగిలిందని మార్చడం వేరు. బండి తీసుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం నేనే కూర్చున్నాను. ముందు బ్యాటరీ. వోల్టేజీ పడిపోతే కూడా ఏబీఎస్ లైటు వెలుగుతుంది. మల్టీమీటర్ పెడితే ఊరికే ఉన్నప్పుడు 12.6, ఇంజన్ నడుస్తుంటే 14.1. దాని తప్పు లేదు. ఏబీఎస్ ఫ్యూజులు రెండూ పీకి చూశాను, బాగున్నాయి. ముందు డిస్క్ పక్కన చుట్టూ గళ్ళున్న రింగు ఒకటి ఉంటుంది. ఆ గళ్ళు సెన్సర్ ముందునుంచి పోతుంటే ఎన్ని పోయాయో లెక్కపెట్టి చక్రం వేగం చెబుతుంది సెన్సర్. అల్లెన్ బోల్టు ఒక్కటి విప్పితే సెన్సర్ చేతికొచ్చింది. దాని మొనలో అయస్కాంతం ఉన్నట్టుంది, ఇనుప రజను నల్లగా మీసంలా పట్టుకుని ఉంది. తుడిచి బిగించాను. నాలుగు రోజులు లైటు రాలేదు. ఆ నాలుగు రోజులు ఆఫీసులో నేను చెప్పుకోని మనిషి లేడు. ఐదో రోజు వచ్చింది.

తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి కాస్త సిగ్గే. వెనక చక్రం కూడా చూద్దామని సెంటర్ స్టాండ్ వేసి, గేరులో పెట్టి తిప్పాను. లైటు టక్కున వెలిగింది! దొరికిందిరా అని వెనక సెన్సర్ విప్పి, వైరు పొడుగునా తడిమి, ఒక పూట పోగొట్టుకున్నాను. తీరా బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే అందులో రాసే ఉంది: వెనక చక్రం ఒక్కటే తిరుగుతూ ముందుది ఆగి ఉంటే కంప్యూటర్ దాన్ని లోపం అనుకుంటుంది, తాళం తీసి మళ్ళీ వేసి బండి నడిపితే పోతుంది. ఐదేళ్ళుగా సీటు కింద ఉన్న పుస్తకం.

అప్పుడు ఒక పాకెట్ నోట్‌బుక్ కొన్నాను. లైటు వెలిగిన ప్రతిసారీ పక్కకి ఆపి రాయడమే: ఎక్కడ, ఎంత వేగం, వాన ఉందా, ఎండ ఉందా, ఆ క్షణంలో ఏం చేస్తున్నాను. "పాలవాడి ఖాతా కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రాయలేదండీ మీరు" అంది మా ఆవిడ. మూడు వారాల్లో పదిహేడు పడ్డాయి. వాన వల్ల అనుకున్నాను, కాదు, ఎక్కువ ఎండలోనే. వేగానికీ సంబంధం లేదు. పదిహేడింటిలో పద్నాలుగు స్పీడ్ బ్రేకరో, గుంతో, బ్రేకు పట్టుకుని సెల్లార్ ర్యాంపు దిగడమో. బ్రేకరైనా, గుంతైనా, ర్యాంపైనా జరిగేది ఒకటే, ముందు ఫోర్కు (ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే షాకబ్జార్బర్ కాళ్ళు) బాగా కిందికి కుంగుతుంది.

ఆ నోట్‌బుక్ పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ బండ్ల వైరింగు మాత్రమే చేసే ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడని మా కొలీగ్ చెప్పాడు. నేను మల్టీమీటర్ బయటికి తీస్తుంటే వారించాడు.

"సెన్సర్ని ఓమ్స్‌లో చూడొద్దు తమ్ముడూ. ఇది ఉత్త తీగచుట్ట కాదు, లోపల చిన్న సర్క్యూట్ ఉంటది. ఆ అంకె నమ్మితే మోసపోతావు."

"మరెలా అన్నా?"

"అదే చెప్పాలి, మనం చూడాలి."

సెంటర్ స్టాండ్ వేసి, కుర్రాణ్ణి వెనక కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాడు. స్కానర్‌లో కోడ్ల జోలికే పోలేదు, రెండు చక్రాల వేగం నేరుగా కనిపించే పేజీ తెరిచాడు. ముందు చక్రం చేత్తో తిప్పితే 6, 7 అని అంకె కదులుతోంది. కుర్రాడు వెనక బరువు వేసి, ముందు చక్రం నేలకి తగలకుండా తిరుగుతూ ఉండనిచ్చాడు. ఈయన కింద నుంచి వైరును వేలెడు వేలెడు మేర వంచుకుంటూ పైకి వచ్చాడు. క్యాలిపర్ దగ్గర ఏమీ లేదు. మడ్‌గార్డ్ దగ్గర ఏమీ లేదు. దాని పైన బ్రేకు పైపుకి కలిపి కట్టిన నల్ల ప్లాస్టిక్ ట్యాగు దగ్గర వంచగానే 7 కాస్తా 0 అయింది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. వదిలితే మళ్ళీ 5. వంచితే 0.

"ఈ ట్యాగు కంపెనీది కాదు. ఎవరు కట్టారు?"

నాకు చప్పున గుర్తొచ్చింది. నాలుగు నెలల కిందట ఫోర్కు ఆయిల్ సీలు కారుతుంటే మా వీధి చివర షాపులో మార్పించాను. బిగించేటప్పుడు ఆ వైరు క్లిప్పులో కూర్చోలేదు. మెకానిక్ దాన్ని ట్యాగుతో బిగించి లాగి కొస కత్తిరించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నీట్‌గా కట్టావని మెచ్చుకున్నాను కూడా. వదులుగా వంపు తిరగాల్సిన వైరు అక్కణ్ణించి ఒక్క చోటే మడత పడుతూ వచ్చింది, ఫోర్కు కుంగిన ప్రతిసారీ.

అతికించి టేపు చుడితే సరిపోదా అని అడిగాను, డబ్బు మిగుల్తుందేమోనని. ఒప్పుకోలేదు. కదిలే వైరుకి సోల్డర్ పెడితే అక్కడ పుల్లలా బిగుసుకుంటుందట, దాని పక్కనే మళ్ళీ తెగుతుందట. పైగా బ్రేకు. వైరుతో కలిపి వచ్చే కొత్త సెన్సర్ తెప్పించాడు, రెండు వేల ఒక వంద, పని కూలి నాలుగు వందలు. పాత దారిలోనే, క్లిప్పుల్లోనే వైరు నడిపి, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, ఫోర్కు నాలుగుసార్లు కుంగదీసి, ఎక్కడా లాగడం లేదని చూశాకే బోల్టు బిగించాడు. చక్రం ఒక చుట్టు తిప్పి రింగు వంకర లేదని, ఎక్కడా సెన్సర్‌కి తగలడం లేదని చూశాడు. ఆఖర్న కోడ్ చెరిపాడు.

మర్నాడు పొద్దున్నే ఖాళీ రోడ్డు పక్కన ఇసుక పేరుకున్న చోట, నెమ్మదిగా పోతూ, వెనక బ్రేకు గట్టిగా తొక్కాను. కాలి కింద పెడల్ టకటకమని తన్నింది, ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. ముందు బ్రేకు తారు రోడ్డు మీద, బండి నిటారుగా ఉంచి చూశాను. లివర్ వేళ్ళని అలాగే తోసింది. ఆరు వారాలైంది, లైటు రాలేదు.

పాత వైరుని ఆ రాత్రే బ్లేడుతో చీల్చి చూశాను. పై తొడుగు మీద గీత కూడా లేదు. లోపల రెండు తీగల్లో ఒకదాని రాగి పోగులు నల్లబడి తెగిపోయి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నిటారుగా ఉంటే తగులుతున్నాయి, వంచితే విడిపోతున్నాయి. మా ఆవిడకి చూపించాను. ఆమె దాన్ని రెండుసార్లు వంచి చూసి, "అయితే ఇంక మీరు రాసే ఆ చిన్న పుస్తకం అవతల పారేయొచ్చా?" అంది.

వద్దన్నాను. రెండు రోజుల్నుంచి హ్యాండిల్ ఎడమకి తిప్పినప్పుడు హారన్ మోగట్లేదు.