ఐదు కూతల మలుపు

పోలండ్‌లోని గ్డాన్‌స్క్ వచ్చిన మర్నాడే మా అమ్మాయి అడిగింది, "ఎక్కడికెళ్దాం నాన్నా?" అని. ఓడరేవుకి అన్నాను. "ముప్ఫై ఏళ్లు విశాఖ పోర్టులో చేశావు, ఇంకా మోజు తీరలేదా?" అని నవ్వింది. తీరలేదు. వచ్చిన ఓడల తాళ్లు అందుకుని గట్టుకి కట్టించడమే నా ఉద్యోగమంతా. ఏ ఊరెళ్లినా రేవు చూడందే నాకు ఆ ఊరు చూసినట్టుండదు.

106 నంబరు బస్సు చివరి స్టాపు వెస్టర్‌ప్లాట్టె. ఒక పక్క బాల్టిక్ సముద్రం, ఇంకో పక్క రేవు కాలవ, మధ్యలో చెట్లు నిండిన సన్నటి నేల. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన చోటంటే ఏదో ఊహించుకున్నాను. స్టాపు దగ్గర మాత్రం పిల్లలు క్రీమ్ పూసిన వేఫర్లు తింటున్నారు.

దారి పక్కన పెట్టిన బోర్డుల్లో ఒకదాని దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నలుపు తెలుపు ఫోటో. రెండు పొగగొట్టాల పెద్ద యుద్ధనౌక రేవులోకి వస్తోంది. డెక్ మీద నావికులు, గట్టున చూడటానికొచ్చిన జనం. 1939 ఆగస్టు నాటిది. ఓడ పేరు ష్లెస్విగ్-హోల్‌స్టైన్.

అప్పుడు ఈ ఊరు డాంజిగ్. నానాజాతి సమితి పర్యవేక్షణలో ఉన్న స్వేచ్ఛా నగరం. జనంలో ఎక్కువమంది జర్మన్లే. రేవు నోట్లో, ఈ వెస్టర్‌ప్లాట్టెలో మాత్రం పోలండ్‌కి ఒక ఆయుధాల డిపో ఉండేది. ఒప్పందం ప్రకారం 88 మంది సైనికులే ఉండాలి. చడీచప్పుడు లేకుండా ఆ సంఖ్యని రెండొందల దాకా పెంచుకున్నారు. వాళ్ల భయం వాళ్లది.

ఆగస్టు 25న ఓడ వచ్చింది. చెప్పిన కారణం విని కాదనడం ఎవరికైనా కష్టమే. 1914లో పోయిన మాగ్డెబుర్గ్ అనే జర్మన్ యుద్ధనౌక నావికులు కొందరిని ఇక్కడే పూడ్చిపెట్టారు. వాళ్లకి నివాళి అర్పించడానికట. చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పుకుని వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో ఆపుతామా?

పైగా ఓడ ముసలిది. 1906లో నీళ్లలోకి దింపింది, మొదటి ప్రపంచ యుద్ధంలో జట్లాండ్ దగ్గర జరిగిన నౌకాయుద్ధం చూసింది. ఆ తర్వాత కుర్ర నావికులకి శిక్షణ ఇచ్చే పనిలో పెట్టారు. కానీ 280 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగూ అలాగే ఉన్నాయి. డెక్ కింద రెండొందల పైచిలుకు దాడి సైనికులు దాక్కుని ఉన్నారు. ఫోటోలో వాళ్లు కనబడరు. వేసవిలో, ఆ ఇనప పొట్టలో, పైకి రావడానికి లేకుండా! ఓడ లోపల వేడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మర్నాడు తెల్లవారుజామునే దాడి జరగాల్సింది. హిట్లర్ చివరి నిమిషంలో వాయిదా వేశాడు. దాంతో చుట్టం వారం రోజులు ఉండిపోయింది.

నేను మాత్రం తాళ్ల గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను. అంత ఓడ తనంతట తాను గట్టుకి చేరదు. రేవులోకి దారి చూపే పైలట్ ఎక్కుండాలి, టగ్గులు లాగుండాలి, గట్టు మీద ఎవరో తాడు అందుకుని బొల్లార్డుకి, అంటే ఓడని కట్టే పొట్టి ఇనప గుంజకి, వేసుండాలి. అక్కడి పనివాళ్లలో ఎవరికైనా విషయం తెలుసా? నా సర్వీసులో ఎన్ని దేశాల ఓడల తాళ్లు పట్టుకున్నానో లెక్కలేదు. లోపలేముందని ఒక్కసారీ అడగలేదు. అడిగే హోదా కూడా కాదనుకోండి.

"నాన్నా, పదండి, వానొచ్చేలా ఉంది" అని అల్లుడు పిలిచేదాకా కదల్లేదు.

సెప్టెంబరు 1న, తెల్లవారుజామున ఐదింటికి ఇంకా కొద్ది నిమిషాలుందనగా, ఓడ ఫిరంగులు పేలాయి. సముద్రంలో మైళ్ల దూరం కొట్టాల్సిన ఫిరంగులతో కాలవలోంచి ఎదుటి డిపో గోడని కొట్టారు. కాసేపట్లో అయిపోతుందనుకున్న దాడిని డిపో లోపలి పోలండ్ సైనికులు తిప్పికొట్టారు. మర్నాడు విమానాలొచ్చి బాంబులేశాయి. అయినా డిపో కమాండర్ మేజర్ సుహార్‌స్కి లొంగిపోయింది 7వ తేదీన. ఆయన కత్తిని జర్మన్లు ఆయన దగ్గరే ఉండనిచ్చారు.

గుట్ట మీద 1966లో కట్టిన పెద్ద రాతి స్తంభం ఉంది. అందరూ అక్కడే ఫోటోలు దిగుతున్నారు. నాకది అంతగా ఎక్కలేదు. సైనికుల బ్యారక్ శిథిలం మాత్రం వదలబుద్ధి కాలేదు. కాంక్రీటు పలకలు ఒకదాని మీదొకటి వాలిపోయి, ఇనప చువ్వలు బయటికొచ్చి ఉన్నాయి. లోపల ఎవరో చిన్న ఎర్రదీపం పెట్టి వెళ్లారు.

ఓడకీ మంచి చావు రాలేదు. 1944 డిసెంబరులో, ఇక్కడికి దగ్గర్లోనే గ్డీనియా రేవులో కట్టేసి ఉండగా, బ్రిటిష్ బాంబులకి దెబ్బతిని అడుగంటింది.

తిరుగుప్రయాణం పాతకాలపు తెరచాప ఓడలా అలంకరించిన టూరిస్టు పడవలో. ఎదురుగట్టున నోవి పోర్ట్ లైట్‌హౌస్ ఎర్రగా కనబడింది. కాస్త ముందుకెళ్తే కాలవ వంపు తిరుగుతుంది. దాని పేరు ఐదు కూతల మలుపట. మలుపు అవతల ఏముందో కనబడదు కాబట్టి ఓడలు ఐదుసార్లు కూత వేసి తిరిగేవట. ఆ తెల్లవారుజామున ష్లెస్విగ్-హోల్‌స్టైన్ నిలబడి కాల్చింది అక్కడినుంచే.

పడవ ఆ మలుపు తిరుగుతుంటే చెవులు రిక్కించి కూర్చున్నాను. కూత లేదు. స్పీకర్లో ఏదో పాట వస్తోంది. మా మనవడు ఒడ్డు మీదున్న తుప్పు పట్టిన బొల్లార్డు చూపించి, "తాతయ్యా, అదేంటి?" అన్నాడు. తాడు ఎలా వేస్తారో వాడికి నా కండువాతో చూపించాను.