రెడింగ్‌లో ఇల్లు, రెండో సొలిసిటర్

2024 సెప్టెంబర్‌లో ఒకరోజు ఆఫీసులో ఉండగా ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ చేశాడు. మేం కొనబోతున్న ఇంటివాళ్ళు వేరేవాళ్ళకి మాటిచ్చేశారట, మాకంటే ఎనిమిది వేల పౌండ్లు ఎక్కువకి. సారీ అన్నాడు, పెట్టేశాడు. ఆ ఇంటి ఫ్లోర్ ప్లాన్ ప్రింటు తీసి మా ఆవిడ ఫ్రిజ్‌కి అంటించి అప్పటికి నాలుగు నెలలు. దేవుడి అలమర ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గీసి కూడా ఉంచింది.

మన దగ్గరైతే బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే ఎదుటివాడికి కొంచెమైనా జంకు ఉంటుంది. ఇంగ్లండ్‌లో 'ఆఫర్ ఒప్పుకున్నారు' అన్న మాటకి చట్టంలో విలువ లేదు. రెండు పక్కల సొలిసిటర్లూ, అంటే ఇంటి కాగితాలు చూసే లాయర్లు, కాంట్రాక్టులు మార్చుకునేదాకా, అంటే ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఇలా మధ్యలో ఎక్కువ ధరకి ఇంకొకరికి అమ్మేయడాన్ని ఇక్కడ గజంపింగ్ అంటారు. కాబట్టి ఆఫర్‌కీ ఎక్స్ఛేంజ్‌కీ మధ్య ఎన్ని రోజులు గడిస్తే అంత ప్రమాదం. ఆ రోజుల్ని తగ్గించేదీ పెంచేదీ చాలావరకు సొలిసిటరే. ఈ సంగతి నాకు పోగొట్టుకున్నాకే తెలిసింది.

మొదటి సంస్థని నేను ఎంచుకోలేదు, ఏజెంటే అంటగట్టాడు. ఫీజు 795 పౌండ్లు, పైన 20 శాతం వ్యాట్. చవకే కదా అని సరేనన్నాను. వాళ్ళ ఆఫీసు మేం ఉండే రెడింగ్‌కి రెండు వందల మైళ్ళ అవతల. అంతా పోర్టల్‌లోనే. ఫోన్ చేస్తే సంగీతం, మెయిల్ రాస్తే 'మీ సందేశం అందింది'. నాలుగు నెలల్లో మా ఫైలు ముగ్గురి చేతులు మారింది, కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ మా పాస్‌పోర్టులు మళ్ళీ పంపమన్నారు. ఇల్లు చెయ్యిజారాక ఏజెంట్‌ని సూటిగా అడిగాను, వాళ్ళ దగ్గర నీకేమైనా ముడుతుందా అని. రెఫరల్ ఫీజు ఉంటుందని మొహమాటం లేకుండా ఒప్పుకున్నాడు. మొదట్లో పంపిన కాగితాల్లో అది రాసే ఉందట. వెతికితే నిజంగానే ఉంది, ఆరో పేజీలో. సర్వేకి, సెర్చ్‌లకి (ఇంటి గురించి రికార్డుల్లో చేసే తనిఖీలకి) పెట్టింది కలిపితే సుమారు వెయ్యి పౌండ్లు గంగపాలు.

నవంబర్‌లో ఇంకో ఇంటికి ఆఫర్ కుదిరింది. ఈసారి ఏజెంట్ ఇచ్చిన కార్డు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి చెత్తబుట్టలో వేశాను. రెడింగ్‌లోనే ఆఫీసున్న ఐదు చోట్లకి మధ్యాహ్నం లంచ్ టైములో వరసగా ఫోన్లు చేశాను. కొందరు సొలిసిటర్లు, వాళ్ళు ఎస్ఆర్ఏ అనే నియంత్రణ సంస్థ కింద వస్తారు. కొందరు లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు, అంటే ఆస్తి బదిలీ పనికి లైసెన్సున్నవాళ్ళు, వాళ్ళు సీఎల్‌సీ అనే సంస్థ కింద వస్తారు. పేరు ఆయా రిజిస్టర్‌లో ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇల్లు కొనడానికి ఇద్దరిలో ఎవరైనా పనికొస్తారు. ముందు అడగాల్సింది మా బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితాలో, ఉన్నారా అని. లేకపోతే బ్యాంకు తన తరఫున వేరే లాయర్ని పెడుతుంది, ఖర్చూ ఆలస్యమూ రెండూ మనకే. ఒకచోట ఇక్కడే ఆగిపోయింది.

ఫీజులు అడిగినప్పుడు నేర్చుకున్నది ఇంకోటి ఉంది. పైకి చెప్పే అంకెకి, చివర్లో వచ్చే బిల్లుకి చుట్టరికం తక్కువ. ఒక చోట 899 అన్నారు. అంతా రాసి పంపమంటే ఐడీ చెక్కుకి ఇంత, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి ఇంత, స్టాంప్ డ్యూటీ ఫారం నింపినందుకు ఇంత, గిఫ్ట్ డబ్బుంటే ఇంత అని 1,400 దాటింది. మన పెళ్ళి క్యాటరింగ్ వాళ్ళు నయం, ప్లేటు లెక్క ముందే చెప్తారు.

ఐదో ఫోన్ ఎత్తింది రిసెప్షనిస్టు కాదు, సొలిసిటరే. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. 'వీధి పేరేంటి?' అంది. చెప్పాను. కోలీ పేటకి దగ్గర్లోనేగా అని, కాసేపాగి, ఆ పక్కన కింద పాత సుద్ద గనులున్నాయి, మామూలు సెర్చ్‌లతో పాటు నేల గురించి వేరే రిపోర్టు తెప్పిస్తాను అంది. 2000లో ఫీల్డ్ రోడ్‌లో అలాంటి గనే కుంగి ఇళ్ళు దెబ్బతిన్నాయట. రెడింగ్‌లో ఏడేళ్ళుగా ఉంటున్నాను, ఆ రోడ్డు మీద నడిచాను కూడా, ఒక్కరూ చెప్పలేదు. మిగతా నలుగురిలో ఎవరూ వీధి పేరు కూడా అడగలేదు. ఫీజు 1,450 పౌండ్లు ప్లస్ వ్యాట్, అన్నీ కలిపే అంది. నా ఫైలు మీరే చూస్తారా అని అడిగాను. నేనే, శుక్రవారాలు మాత్రం రాను, ఆ రోజు ఫలానా అమ్మాయి చూస్తుంది అంది. శుక్రవారం రానని ముందే చెప్పిన మనిషిని నమ్మాలనిపించింది.

మొదటి మీటింగ్‌కి ఇద్దరం వెళ్ళాం. పాస్‌పోర్టులు చూశాక సొలిసిటర్ అడిగింది, మీ ఇద్దరిలో ఎవరికైనా ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లుందా, ఇంట్లో వాటా ఉందా, కొన్నదైనా వారసత్వంగా వచ్చిందైనా. నేను ఠక్కున లేదన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, గుంటూరులో నాన్న ఇల్లు ఉంది అంది. మామయ్యగారు 2018లో పోయారు, వీలునామా రాయలేదు. ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ ఆయన పేరునే వస్తుంది. మా ఆవిడ లెక్కలో అది అమ్మ ఇల్లు. చట్టం లెక్కలో అత్తయ్యగారికి, బావమరిదికి, తనకి తలా మూడో వంతు.

దీంతో రెండు సంగతులు తేలాయి. ఒకటి, మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకిచ్చే స్టాంప్ డ్యూటీ రాయితీ మాకు రాదు. కొనేవాళ్ళందరూ ఎప్పుడూ ఎక్కడా ఇల్లు లేనివాళ్ళయి ఉండాలి, వారసత్వపు వాటా ఉన్నా ఉన్నట్టే. నా ఒక్కడి పేరునే కొంటే వచ్చేదే, కానీ రెండు జీతాలు చూపించకపోతే మాకు లోన్ రాదు. రెండోది ఇంకా పెద్దది. దాన్ని ఇంకో ఇల్లు కింద లెక్కేస్తే మొత్తం ధర మీద 5 శాతం అదనపు పన్ను, అంటే దాదాపు 20 వేల పౌండ్లు. నా నోరెండిపోయింది. ఆవిడ మాత్రం తాపీగా, ఆ వాటా విలువ 40 వేల పౌండ్లలోపైతే అదనపు పన్ను ఉండదు, వాల్యుయేషన్ తెప్పించండి అంది. బావమరిది గుంటూరులో వాల్యూయర్ని తీసుకెళ్ళి రాయించాడు, 84 లక్షలు. మూడో వంతు 28 లక్షలు, సుమారు 26 వేల పౌండ్లు. ఊపిరి పీల్చుకున్నాం. మన ఊళ్ళో ఇంటి ధర పెరగలేదని సంతోషించడం అదే మొదటిసారి. ఖాళీ స్థలమైతే ఈ గొడవే లేదు, ఇల్లుంటేనే లెక్క.

మొదటి సంస్థ పోర్టల్‌లో ఈ ప్రశ్నకి ఉన్నది ఒక్క టిక్కు గడి. మొదటిసారి కొంటున్నారా, అవును. అప్పుడు ఆ ఇల్లు కుదిరి ఉంటే మేం పన్నువాళ్ళకి తప్పుడు లెక్క ఇచ్చి ఉండేవాళ్ళం.

తర్వాత నాన్న డబ్బు. తెనాలి నుంచి 20 లక్షలు పంపుతానన్నారు. అప్పటి నిబంధన ప్రకారం 7 లక్షలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టింది, రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవాలి. అది తెలిసిన విషయమే. తెలియనిది, ఆ 20 లక్షలు నాన్నకి ఎలా వచ్చాయో రెడింగ్‌లో సొలిసిటర్‌కి రుజువు చూపించాలని. మనీ లాండరింగ్ నిబంధనలు. ఎఫ్‌డీ అన్నాను. ఆ ఎఫ్‌డీలోకి ఎక్కడిది? 2019లో అరెకరం అమ్మితే వచ్చింది. అయితే ఆ దస్తావేజు కావాలి. నాన్న దగ్గర ఉన్నది వెలిసిపోయిన జిరాక్సు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి సర్టిఫైడ్ కాపీ తీయించారు. అది తెలుగులో ఉంటుంది కాబట్టి అనువాదం. 'తూర్పు: ఫలానావారి మెట్ట, పడమర: పంట కాలువ' అన్న హద్దుల్ని అనువాదకుడు ఇంగ్లీషులో పెట్టిన తీరు చూసి సొలిసిటర్ ఆ కాలువ ఇంకా ఉందా అని అడిగింది, సరదాకే.

నాన్న సరదాగా లేరు. 'ఒరేయ్, నా కొడుక్కి నేను డబ్బిస్తే ఆ దొరసానికి లెక్క చెప్పాలిట్రా?' అన్నారు. అంతకంటే కష్టమైంది గిఫ్ట్ లెటర్. ఈ డబ్బు అప్పు కాదు, ఈ ఇంటి మీద నాకు ఎలాంటి హక్కూ లేదు, ఎప్పుడూ అడగను అని ఆయన సంతకం పెట్టాలి. మన ఇళ్ళల్లో అలాంటి కాగితం అన్నదమ్ములు విడిపోయేటప్పుడు రాసుకుంటారు. వీడియో కాల్లో చదివి వినిపించాను. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. 'హక్కు లేదని రాయమంటున్నావు, వచ్చి పది రోజులుంటే ఫర్వాలేదంటావా?' అన్నారు. అమ్మ వెనకనుంచి నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఇంటి విషయానికొస్తే, ప్రకటనలో నాలుగు బెడ్‌రూములు. నాలుగోది అటక మీద కట్టింది. అమ్మేవాళ్ళు నింపే టీఏ6 అనే ఫారంలో మార్పులు చేశారా అంటే '2009, లాఫ్ట్' అని రాశారు, నిర్మాణం నిబంధనల ప్రకారమే ఉందని చెప్పే బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ దగ్గర 'తర్వాత పంపుతాం' అని. ఆ తర్వాత రాలేదు. మా సొలిసిటర్ మూడుసార్లు అడిగింది. చివరికి తేలిందేంటంటే అసలు తీసుకోలేదు. అవతలి సొలిసిటర్ ఇన్సూరెన్స్ పాలసీ తీసిస్తాం అన్నాడు. కౌన్సిల్ చర్య తీసుకుంటే అది ఆదుకుంటుంది కానీ, మెట్లు విరిగితే ఆదుకోదని ఆవిడ చెప్పింది.

నేను తెలివిగా, కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కుంటానని ఫోన్ తీశాను కూడా. ఆ సాయంత్రం మాటల్లో ఆవిడతో అంటే గొంతు మారింది. 'చేశారా?' లేదన్నాను. 'చెయ్యొద్దు. కౌన్సిల్ చెవిన పడిందంటే ఆ పాలసీ ఇక ఎవరూ ఇవ్వరు.' ఇది ఏ యూట్యూబ్ వీడియోలోనూ చెప్పలేదు నాకు. సర్టిఫికెట్ లేని గది బెడ్‌రూము కాదు, ఇది మూడు బెడ్‌రూముల ఇల్లు, ఆ ధరకే మాట్లాడుకోండి అంది. బ్యాంకుకి కూడా రాసింది. నేల రిపోర్టు బాగానే వచ్చింది. ధర 4,10,000 నుంచి 3,95,000కి దిగింది. ఆవిడ ఫీజు ఎన్ని రెట్లు వెనక్కొచ్చిందో లెక్కేసుకోండి.

ఆవిడలో నచ్చనిదీ ఉంది. మెయిల్స్ మరీ పొడి. 'గమనించాను' అని ఒక్క ముక్క రాస్తుంది, మంచికో చెడుకో తెలీదు. ఫిబ్రవరిలో పది రోజులు సెలవుపెట్టి వెళ్ళినప్పుడు మాకు నిద్రల్లేవు, ఎందుకంటే 2025 మార్చి 31 దాటితే స్టాంప్ డ్యూటీ శ్లాబులు మారి మాకు ఇంకో 2,500 పౌండ్లు పడుతుంది. ఆ నెల ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేవాళ్ళందరిదీ అదే పరుగు.

మార్చి 20న ఎక్స్ఛేంజ్. అంతకుముందు 10 శాతం, 39,500 పౌండ్లు పంపాలి. మొదటి మీటింగ్‌లోనే తన బ్యాంకు ఖాతా నంబరు కాగితం మీద ఇచ్చి, నంబరు మారిందని మెయిల్ వస్తే అది నేను కాదు అని చెప్పి ఉంచింది. ఇక్కడ మెయిళ్ళు హ్యాక్ చేసి సరిగ్గా ఇలాంటప్పుడే డబ్బు కొట్టేస్తారు. ముందు ఒక్క పౌండు పంపి, ఫోన్లో అందిందనిపించుకుని, తర్వాత మిగతాది. ఆ సాయంత్రం 'ఎక్స్ఛేంజ్ అయింది' అని మెయిల్ వచ్చింది. ఒక్క ముక్కే. అమ్మినవాళ్ళ మొహం మేం ఇప్పటికీ చూడలేదు. వేలిముద్రల్లేవు, రిజిస్ట్రార్ ఆఫీసు చెట్టుకింద ఎదురుచూపుల్లేవు.

తాళాలు చేతికొచ్చే రోజు గురించి చిన్న పేచీ. మార్చి 30 ఆదివారం ఉగాది, ఆ రోజు పెట్టగలరా అని అడిగాను. ఆదివారం బ్యాంకుల మధ్య అంత డబ్బు కదలదు అంది. పోనీ సోమవారం? గడువు ఆ రోజుతో అయిపోతుంది, ఏ చిన్న తేడా వచ్చినా 2,500 పోతుంది, 28 శుక్రవారం పెట్టుకుంటే చేతిలో ఇంకో రోజుంటుంది అంది. శుక్రవారం ఆవిడ రాదు కదా. ఆ రోజు మా కోసం వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి తాళాలిచ్చారు. గుమ్మం దాకా వెళ్ళాం. అత్తయ్యగారు ఫోన్లో పంచాంగం తీసి, ఇవాళ చతుర్దశి, రేపు అమావాస్య, పైగా మీకు గ్రహణం, ఎల్లుండిదాకా పొయ్యి వెలిగించొద్దు అన్నారు. గొళ్ళెం సరిగ్గా పడుతోందో లేదో చూసి తాళం వేసి వచ్చేశాం. ఉగాది పొద్దున పాలు పొంగించాం.

వేసవిలో అత్తయ్యగారు వచ్చారు. అటక గది నిండా సూట్‌కేసులు, అట్టపెట్టెలు. ఒక సాయంత్రం మెల్లగా మెట్లెక్కి చూసొచ్చి కూతుర్ని అడిగారు, 'ఏమ్మా, పైన అంత వెలుతురున్న గది పెట్టుకుని నన్ను ఆ చిన్న గదిలో పడుకోబెట్టావేం?' మా ఆవిడ నా వంక చూసింది. నేను టీఏ6 దగ్గర్నుంచి మొదలుపెట్టాను. రెండో నిమిషంలో అత్తయ్యగారు టీవీ పెట్టుకున్నారు.