పాత కంప్యూటర్‌తో ఇంట్లో పాటల సెటప్

మాది విజయనగరం, 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపల్‌గా చేసిన చోటు. ఆయన వయొలిన్ ఇంట్లో సరిగ్గా వినాలనే ఈ పనంతా పెట్టుకున్నాను.

పాత డెస్క్‌టాప్ దుమ్ము దులిపి, నాన్న దాచుకున్న సీడీలన్నీ ఫ్లాక్ (FLAC) అనే రకం ఫైళ్ళలోకి ఎక్కించాను. ఎంపీ3 చేస్తే కొంత సౌండ్ పోద్ది, మళ్ళీ రాదు, ఫ్లాక్‌లో ఏదీ పోదు. సీడీ అంటే 16 బిట్, సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే సౌండ్‌ని సెకనుకి అన్నిసార్లు కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్ అంకెగా రాసుకోవడం. అందుకే సెట్టింగ్స్‌లోనూ అదే రేటు పెట్టాను, లేదంటే కంప్యూటర్ ఆ రేటుని మధ్యలో మార్చేస్తాది. లోపలి సౌండ్ కార్డు వదిలేసి బయట యూఎస్‌బీ డాక్ (DAC, కంప్యూటర్లోని అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా), అక్కడ్నించి యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు.

మొదటిరోజు పాట ఆపినా సరే స్పీకర్లోంచి ఒకటే గుయ్యిమని మోత. రెండు రోజులు వైర్లు మార్చి మార్చి చూశాను, తీరా చూస్తే కంప్యూటర్ ఒక గోడ ప్లగ్గులో, యాంప్లిఫయర్ అవతలి గోడ ప్లగ్గులో ఉన్నాయి, ఎర్త్ లూప్ అన్నమాట, అంటే రెండు ఎర్త్ వైర్లూ ఆడియో వైరూ కలిసి ఒక చుట్టులా అయ్యి, అందులో తిరిగే కరెంటు మోతగా వినిపిస్తాది. రెండూ ఒకే బోర్డుకి పెట్టగానే ఆగిపోయింది. మోత పోవాలని ఎర్త్ పిన్ మాత్రం పీకెయ్యకండి, ప్రాణం మీదకి వస్తాది.

గోడకి ఆనించిన స్పీకర్లని మూరెడు ముందుకి జరిపాక బేస్ మోత తగ్గి, తీగ మీద కమాను ఆనే చప్పుడు కూడా వినిపించింది. వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే వచ్చేసి "ఎవరొచ్చార్రా, ఇంట్లో వాయిస్తన్నారు?" అంది.