ఒక సూది, అయిదు పశువులు

ఆ సాయంత్రం మా ఆవు పాలు సగానికి పడిపోయాయి. పొదుగు తడిమి చూశాను. వాపు లేదు, గట్టిపడలేదు, పాలు విరగలేదు. పొదుగువాపు కాదులే అని కాస్త కుదుటపడ్డాను. థర్మామీటరు పెడితే 105 డిగ్రీలు. ఇంట్లో మిగిలిన పెన్సిలిన్ ఉంటే రెండు రోజులు నేనే వేశాను. జ్వరం దిగింది. డాక్టరు ఖర్చు తప్పిందని లోలోపల సంబరపడ్డాను కూడా.

మూడో రోజు ఆవు నెమరు మానేసింది. కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట తెల్ల కాగితంలా ఉంది. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "మూత్రం ఏ రంగులో ఉందండీ?" తెలియదన్నాను. "చూసి చెప్పండి. ఆవును మాత్రం ఎక్కడికీ నడిపించొద్దు."

బకెట్ పట్టుకుని దాని వెనక గంటకు పైగా నిలబడ్డాను. ఎట్టకేలకు పోసింది. ముదురు పసుపు రంగు. ఎరుపు లేదు, కాఫీ రంగూ లేదు. ఆ మాట చెప్పగానే, "అయితే బెబీసియా కాకపోవచ్చు. వస్తున్నా" అన్నారు. బెబీసియా అంటే పిడుదుల వల్ల వచ్చే ఎర్రమూత్రం జబ్బు. అందులో ఎర్రకణాలు రక్తనాళాల్లోనే పగిలి ఆ రంగు మూత్రంలోకి దిగుతుందట. ఆయన అనుమానిస్తున్న జబ్బులో కణాలను ప్లీహమే ఏరి మింగేస్తుంది. పశువు పాలిపోతుంది, కామెర్లు వస్తాయి, మూత్రం మాత్రం ఎర్రబడదు.

ఆయన వచ్చేసరికి ఇంకో వింత. పసిపిల్లలు తోక పట్టుకు లాగినా ఊరుకునే ఆవు, నేను దగ్గరికి వెళ్తే కొమ్ములు దించి మీదికొచ్చింది. పిచ్చి పట్టిందేమోనని హడలిపోయాను. "మెదడుకు ప్రాణవాయువు చాలట్లేదు, అందుకే ఇలా చేస్తోంది. పెనుగులాడనిస్తే గుండె ఆగిపోతుంది" అన్నారాయన. పది నిమిషాలు దూరంగా నిలబడి, అది శాంతించాక మెల్లగా చెవి దగ్గర సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం గాజు పలక మీద సాగదీశారు. ఊదా మూత గొట్టంలోకి మెడ నుంచి ఇంకొంచెం తీశారు. రక్తంలో చిక్కదనమే లేదు, ఎర్రరంగు కలిపిన నీళ్లలా ఉంది.

నేనూ ఆయన వెంట ల్యాబుకు వెళ్లాను. పలకను మిథనాల్లో ముంచి, జీంసా రంగు పట్టించి, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నారు. లేత గులాబీ రంగు గుండ్రాలు, వాటిలో కొన్నింటికి సరిగ్గా అంచున ఒక ముదురు నీలి చుక్క. అంతే. ఇంత చిన్న చుక్కా నా ఆవును పడుకోబెట్టింది అనిపించింది. దీని పేరు అనాప్లాస్మా మార్జినేల్. అంచున ఉంటుంది కాబట్టే మార్జినేల్. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ దీన్ని గుర్తించాడు. చాలాకాలం మలేరియా క్రిమి లాంటి ఏకకణ పరాన్నజీవి అనుకున్నారు గానీ ఇది బ్యాక్టీరియానే. ఎర్రకణం లోపల కాపురం పెడుతుంది. నా పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. మరి జ్వరం ఎందుకు దిగిందని అడిగాను. రక్తం తగ్గిపోయేకొద్దీ ఒళ్లు చల్లబడుతుందట. అంటే నేను సంబరపడిన రోజే దాని పరిస్థితి దిగజారింది.

రక్తంలో ఎర్రకణాల వాటా 14 శాతం అని తేలింది. మామూలుగా 24 నుంచి 46 మధ్య ఉండాలి. వేసిన మందు లాంగ్ యాక్టింగ్ ఆక్సిటెట్రాసైక్లిన్, కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. నాలుగు వందల కిలోల ఆవుకు 40 మిల్లీలీటర్లు అయింది, నాలుగు చోట్ల పదేసి చొప్పున కండలోకి వేశారు. ఇంకా పడిపోతే వేరే ఆవు రక్తం ఎక్కిద్దామన్నారు. మర్నాడు 13. ఆ రాత్రి కొట్టంలోనే కూర్చున్నాను, టెన్షన్‌తో కన్ను మూతపడలేదు. ఆ తర్వాతి రోజూ 13. పడలేదంటే లేచినట్టే అన్నారు. రక్తం ఎక్కించే పని పడలేదు.

ఇక అసలు సంగతి. మందు వేసిన రోజే ఆయన, "ఈ నెలా రెండు నెలల్లో ఇంజెక్షన్లేమైనా వేశారా? కొమ్ములు కోయించడం, చెవి పోగులు వేయించడం?" అని అడిగారు. క్యాలెండరు తిరగేశాను. సరిగ్గా 32 రోజుల కింద నట్టల మందు ఇంజెక్షన్ అయిదింటికీ నేనే వేశాను. ఒకటే సూది. మొదట ముసలావుకు, వెంటనే పక్కనున్న దీనికి, తర్వాత మిగతా మూడింటికి. సూది మీద మిగిలిన రక్తపు తడి చాలట. ఒకసారి సోకిన పశువు కోలుకున్నా బతికినంతకాలం ఆ సూక్ష్మజీవిని మోస్తుంది. ముసలావు రక్తం పంపిస్తే మైక్రోస్కోపులో ఏమీ కనబడలేదు, రక్తంలో ప్రతిరోధకాలను పట్టే ఎలైసా పరీక్షలో దొరికింది. దానికి ఒక్క రోజు కూడా జ్వరం వచ్చిన గుర్తు నాకు లేదు. దూడప్పుడు సోకి ఉంటుంది, ఏడాది లోపు వాటికి పెద్దగా తెలియకుండానే పోతుంది, రెండేళ్లు దాటాక సోకితేనే ప్రాణాల మీదికొస్తుంది అన్నారు.

"పిడుదులూ కావచ్చు, జోరీగలూ కావచ్చు, సూదే అని ఖాయంగా చెప్పలేం" అని డాక్టరు గారు నా మొహం చూసి మెత్తగా అన్నారు. నాకు మాత్రం సూదే అనిపిస్తోంది. వరుసలో రెండోదానికే రావడం చూడండి.

జబ్బు బయటపడటానికి వారం పట్టవచ్చు, అరవై రోజులూ పట్టవచ్చు. కాబట్టి మిగతా మూడింటికీ రోజూ తెల్లవారుజామున జ్వరం చూసి గోడ మీద సుద్దతో రాశాను. పిడుదులకు మందు కొట్టించాను. ఒకసారి పెయ్యకు 103 చూపించింది. చేతులు వణికాయి. మధ్యాహ్నం మళ్లీ చూస్తే మామూలే, పొద్దున్నే గెంతి వచ్చిందంతే.

జబ్బుపడిన ఆవుకు ఆరు వారాలకు ఎర్రకణాల వాటా 26 శాతానికి వచ్చింది. పాలు మునుపటంత ఇవ్వడం లేదు, ఈ ఈతకు ఇక ఇంతే. ముసలావును అమ్మేద్దామా అని ఒక రోజు ఆలోచించాను. అమ్మితే ఇంకొకరి కొట్టంలో ఇదే కథ. ఉంచేసుకున్నాను, దానికి విడిగా సూదుల పెట్టె పెట్టాను, మిగతా నాలుగింటికీ తలా ఒక సూది. అరవయ్యో రోజు మూడింటికీ జ్వరం లేదని గోడ మీద రాసి, థర్మామీటరు కడిగి మేకుకు తగిలించాను.