నా అనుభవం: బుడ్డల (వేరుశెనగ) చేలో ఎగిరిన గ్లైడర్

నా మొదటి గ్లైడర్, అంటే రిమోట్‌తో నడుపుతూ గాలి మీద తేలించే మోడల్ విమానం, చేతిలోంచి వదిలిన మూడు సెకన్లకే నేలకు కొట్టుకుంది. రెండు ఐలరాన్‌లూ (విమానాన్ని పక్కలకు వాల్చే, రెక్కల వెనక అంచు పలకలు) తిరగబడి పని చేస్తున్నాయి. కుడి రెక్క వాలుతోందని రిమోట్ మీది స్టిక్ ఎడమకు తోశాను. అది ఇంకా కుడికే వాలిపోయింది. ముక్కు చితికింది, మోటర్ షాఫ్ట్ వంగింది. ఇంట్లో టేబుల్ మీద అర నిమిషం చూసుకుని ఉంటే దొరికే తప్పు అది. ఆ విరిగిన ముక్కు ఇప్పటికీ నా అలమరాలో ఉంది. అందుకే ఈ రెండో గ్లైడర్ విషయంలో ఎగరేయడానికి తొందరపడలేదు. పెట్టె విప్పిన రోజు నుంచి చేలోకి తీసుకెళ్లేదాకా సరిగ్గా ఇరవై రోజులు పట్టింది.

ఇది రెండు మీటర్ల రెక్కల ఎలక్ట్రిక్ గ్లైడర్. ముక్కులో చిన్న బ్రష్‌లెస్ మోటర్, దానికి మడుచుకునే ప్రొపెల్లర్. మోటర్‌తో పైకి ఎక్కించి, ఆపేసి, ఆ తర్వాత గాలి మీదే తేలించాలి. ఒళ్లంతా ఈపీఓ ఫోమ్. ఈపీఓను చాలామంది థర్మోకోల్ అనుకుంటారు, రెండూ వేరు. నేను ప్యాకింగ్‌లో వచ్చిన థర్మోకోల్ ముక్క మీద సూపర్ గ్లూ చుక్క వేసి చూశాను, కళ్ల ముందే గుంట పడింది. ఈపీఓ ముక్క మీద వేస్తే ఏమీ కాలేదు. అయినా రెక్కలకీ తోకకీ ఎపాక్సీయే (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడాను, ఎందుకంటే సూపర్ గ్లూ పడితే సర్దుకునే టైమ్ ఉండదు. ఎపాక్సీలో కూడా ఐదు నిమిషాల రకం మా అనంతపురం మార్చి వేడికి రెండు మూడు నిమిషాల్లోనే గట్టిపడుతుంది. ముప్పై నిమిషాల రకం తెచ్చుకుంటే తోకను నిదానంగా సరిచేసుకోవచ్చు.

తోక దగ్గరే ఒక పూట మొత్తం గడిచింది. వంటింటి గట్టు మీద కడప బండ ఉంది. ఇంట్లో దాని కన్నా చదునైన చోటు లేదని మా ఆవిడను అడిగి ఆ మధ్యాహ్నానికి ఖాళీ చేయించుకున్నాను. రెక్కలు తొడిగి, అడ్డ తోకకు ఎపాక్సీ రాసి అతికించి, తోక కొస నుంచి రెక్క కొసకు దారం పట్టి కొలిచాను. ఎడమవైపు కన్నా కుడివైపు ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. కంటికి అస్సలు తెలియని తేడా, కానీ గాల్లో ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. తోకను కొంచెం తిప్పి, మళ్లీ దారం పట్టి, మళ్లీ తిప్పి, రెండు వైపులా సమానం అయ్యాక టేపుతో కట్టేసి ఇక ముట్టుకోలేదు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, తోక రెక్కకు సమాంతరంగా ఉందో లేదో చూశాను. ఉంది.

సర్వోలు, అంటే ఈ పలకలను కదిపే చిన్న మోటర్లు, నాలుగు: ఐలరాన్‌లకు రెండు, ఎలివేటర్‌కు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఒకటి, రడ్డర్‌కు (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) ఒకటి. అన్నీ తొమ్మిది గ్రాముల రకం. వీటిని అతికించే ముందే విమానంలోని రిసీవర్‌కు కలిపి, ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్) ట్రిమ్‌లన్నీ (స్టిక్ వదిలినప్పుడు పలక నిలిచే చోటును కొంచెం జరిపే మీటలు) సున్నాలో పెట్టి, కరెంటు ఇచ్చి మధ్యకు తెచ్చుకోవాలి. ఆ తర్వాతే సర్వో చిన్న చేయిని పుష్‌రాడ్‌కు (సర్వోను పలకకు కలిపే సన్నని కడ్డీ) తొంభై డిగ్రీల్లో తగిలించి స్క్రూ బిగించాలి. ముందే బిగించేసి తర్వాత ట్రిమ్‌తో సరిచేద్దాంలే అనుకుంటే ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కదులుతుంది. నాలుగింట్లో ఒక సర్వో మాత్రం స్టిక్ వదిలిన ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది. గాల్లో ఎలివేటర్ అలా చేస్తే అంతే సంగతులు. దాన్ని పక్కన పెట్టి కొత్తది తెప్పించాను, అందుకు నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది.

మోటర్ పరీక్ష ప్రొపెల్లర్ లేకుండానే మొదలుపెట్టాను. వెనక్కి తిరిగింది. బ్రష్‌లెస్ మోటర్‌కు మూడు తీగలుంటాయి, వాటిలో ఏ రెండింటిని అటూ ఇటూ మార్చినా తిరిగే దిక్కు మారిపోతుంది. అది తేలికే. కానీ ఈఎస్‌సీలో బ్రేక్ సెట్ చేయడం మర్చిపోతే గ్లైడర్ గ్లైడర్‌లా ఎగరదు. ఈఎస్‌సీ అంటే మోటర్ వేగాన్ని నడిపించే చిన్న సర్క్యూట్. నా దాంట్లో పెట్టెలోంచి తీసినప్పుడు బ్రేక్ ఆఫ్‌లో ఉంది. ఆఫ్‌లో ఉంటే మోటర్ కట్ చేసినా ఎదురు గాలికి ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, మడుచుకోదు. ఆ డ్రాగ్ (గాలి అడ్డు) గ్లైడర్‌ను వెనక్కి పట్టి లాగినట్టే. థ్రాటిల్ పూర్తిగా పైకి పెట్టి బ్యాటరీ కలిపి, బీప్‌లు లెక్కపెట్టుకుంటూ బ్రేక్ ఆన్ చేశాను. తర్వాత ప్రొపెల్లర్ బిగించాను, అంకెలు రాసి ఉన్న వైపు ముందుకు ఉండేలా. ఇంటర్ చదివే మా మేనల్లుడు విమానాన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. ప్రొపెల్లర్‌కు పక్కన గానీ ముందు గానీ ఎవరూ నిలబడకూడదని ముందే చెప్పాను. మోటర్ తిప్పి ఆపగానే టక్కుమని ఆగి, ప్రొపెల్లర్ రెండు రెక్కలూ వెనక్కి పడి ముక్కుకు అతుక్కున్నాయి.

"మామా, ఇంకోసారి!" అన్నాడు. ఇంకోసారి తిప్పాను, వాడి సంబరం చూస్తే కాదనబుద్ధి కాలేదు.

వాట్‌మీటర్ పెట్టి చూస్తే పూర్తి వేగంలో 22 ఆంపియర్లు, దాదాపు 240 వాట్లు. ఈఎస్‌సీ 40 ఆంపియర్లది కాబట్టి వేడెక్కే భయం లేదు. కిలో బరువుకు 240 వాట్లంటే చేతితో విసిరిన గ్లైడర్ చక్కగా ఎక్కేస్తుంది. బ్యాటరీ మూడు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్), 2200 ఎంఏహెచ్. దీన్ని ఎండలో ఆపిన కారులో వదలొద్దు, ఫుల్ ఛార్జ్‌లో రోజుల తరబడి ఉంచొద్దు. వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్ట్‌ల దగ్గర పెడతాను.

ఇక సీజీ. విమానం బరువంతా సమతూకంగా నిలిచే చోటు అది. మాన్యువల్‌లో రెక్క ముందు అంచు నుంచి 70 మిల్లీమీటర్లు అని ఉంది. రెక్కల కింద ఆ చోట పెన్సిల్ గీత గీసి, రెండు చూపుడు వేళ్ల మీద నిలబెట్టాను. తోక బరువుగా కిందికి దిగిపోయింది. వేళ్లు వెనక్కి జరుపుతూ పోతే 80 దగ్గర నిలిచింది. బ్యాటరీ అప్పటికే ముక్కులోకి పోయినంత దూరం పోయింది, ఇంకా జరపడానికి చోటు లేదు. తోక బరువుగా ఉన్న విమానం ముక్కు పైకెత్తుతుంది, ఆగుతుంది, పడిపోతుంది. ముక్కు కాస్త బరువైతే సరిగ్గా తేలకపోవచ్చు గానీ మన మాట వింటుంది.

కాగితం మీద లెక్క వేశాను. మొత్తం బరువు 1020 గ్రాములు, 10 మిల్లీమీటర్లు ముందుకు రావాలి, సీసం పెట్టే చోటు సీజీ నుంచి 300 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 34 గ్రాముల సీసం కావాలని తేలింది. అంత బరువు ఊరికే మోయించడం మనసొప్పలేదు. కారణం ఎక్కడుందా అని తోక వైపు చూస్తే, దెబ్బ తగలకూడదని నేనే అంటించిన టేపు పొరలు కనిపించాయి. మూడు పొరలు! హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి చేసి రెండు పొరలు ఒలిచాను. వంటింటి తూకంలో వేస్తే 9 గ్రాములు. తోక సీజీకి 600 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, అంటే ముక్కుకన్నా రెట్టింపు. కాబట్టి తోకలో తీసిన 9 గ్రాములు ముక్కులో 18 గ్రాములు మిగిల్చాయి. గాలానికి కట్టే సీసం గుండ్లు 16 గ్రాములు తూచి ముక్కులో ఎపాక్సీతో అతికించాను. ఈసారి వేళ్ల మీద కదలకుండా నిలిచింది. నిజం చెప్పాలంటే ఎగిరినప్పటికన్నా అప్పుడే నాకు ఎక్కువ సంతోషం వేసింది.

మాకు జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఆపలేనంత. రామగిరి వైపు గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. అందుకే మార్చిలోనే ఎగరేయాలనుకున్నాను. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందు అనుమతి అక్కర్లేని చోటు) ఎత్తు 400 అడుగులు దాటకూడదు. ఆ చేను ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసుకున్నాను. బుడ్డలు పీకేసి ఖాళీగా ఉన్న చేను, చుట్టుపక్కల కరెంటు తీగలు లేవు. చేను గల అన్నను అడిగితే, "ఎగరేసుకో నాయనా, ఏం పోయింది" అన్నాడు. గట్టు మీద కూర్చుని ఆయనా చూస్తూ ఉండిపోయాడు.

ముందు రేంజ్ చూశాను, అంటే రిమోట్ సిగ్నల్ దూరానికి అందుతోందా అని. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటర్ తిరగకుండా ఉంటుందా అని ఫెయిల్‌సేఫ్ కూడా చూశాను. ఆ తర్వాత, పాత దెబ్బ గుర్తుంది కాబట్టి, విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తోశాను. కుడి ఐలరాన్ పైకి లేచింది. స్టిక్ వెనక్కి లాగాను. ఎలివేటర్ పైకి లేచింది. మేనల్లుడికి కూడా ఒకసారి చూపించి, నోటితో చెప్పించాను.

"మామా, వదలనా?"

"గాలికి ఎదురుగా, నేలకు సమంగా. వదులు."

మోటర్ వేగం ముప్పావు వంతు పెట్టాను. చేతిలోంచి జారినట్టు వెళ్లింది. పూర్తి వేగం ఇవ్వగానే ముక్కు ఎక్కువ పైకెత్తింది, స్టిక్ కొంచెం ముందుకు తోసి పట్టుకున్నాను. ఇరవై సెకన్లయ్యాక మోటర్ ఆపాను. టక్కుమని ప్రొపెల్లర్ మడుచుకుంది. ఆ తర్వాత చప్పుడే లేదు. చేను మీద గాలి, పైన తెల్లటి రెండు రెక్కలు.

ఎలివేటర్ ట్రిమ్ నాలుగు క్లిక్‌లు కిందికి ఇస్తే సమంగా పోయింది. ఇంకోసారి ఎక్కించి, ముక్కు కిందికి వంచి వదిలేశాను. తనంతట తానే నెమ్మదిగా లేచింది. అంటే సీజీ సరిపోయింది. ఎత్తులో ఉన్నప్పుడే రెండు ఐలరాన్‌లూ కలిపి పైకి లేపే స్విచ్ కూడా వేసి చూశాను. దిగేటప్పుడు అదే బ్రేక్. రెండు మీటర్ల రెక్కలు నేల దగ్గర కూడా తేలుతూనే పోతాయి కాబట్టి అది లేకపోతే చేను అయిపోతుంది గానీ విమానం దిగదు. నా దాంట్లో స్విచ్ వేయగానే ముక్కు పైకెత్తింది. ఆ స్విచ్‌తో పాటే ఎలివేటర్ కొంచెం కిందికి వంగేలా ట్రాన్స్‌మిటర్‌లో పెట్టాక సరిపోయింది.

పది గంటలయ్యేసరికి నేల వేడెక్కింది. చేను చివర రెండు గద్దలు రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ లేస్తున్నాయి. "అటు పోనీ నాయనా, గాలి ఆడ ఎక్కుతా ఉంది" అన్నాడు అన్న. అటు పోనిచ్చాను. ఎడమ రెక్క కొస చిన్నగా ఎగిరినట్టయింది. లేచిన రెక్క వైపే తిరగాలని చదివింది గుర్తుంది, తిప్పాను. మోటర్ ఆగే ఉంది, విమానం చిన్నదవుతోంది! గద్దలు దాన్ని పట్టించుకోలేదు, వాటి పాటికి అవి తిరిగాయి. నాలుగు చుట్లయ్యాక ఎత్తు ఎక్కువవుతుందేమో అనిపించి, రెండు ఐలరాన్‌లూ లేపి కిందికి తెచ్చాను.

మొదటిసారి దిగబోతే నా తల మీదుగా తేలుతూ వెళ్లిపోయింది. రెండోసారి చేను మొదట్లోనే బ్రేక్ వేశాను. ఎర్రమట్టిలో పొట్ట రాసుకుంటూ వచ్చి, చేలోనే ఆగింది. మొత్తం 31 నిమిషాలు, అందులో మోటర్ తిరిగింది మూడే నిమిషాలు. ఇంటికొచ్చి ఛార్జర్ పెడితే 1020 ఎంఏహెచ్ తీసుకుంది.

సాయంత్రం ఎలివేటర్ ట్రిమ్‌ను సున్నాకు తెచ్చేశాను. అప్పుడు ఎలివేటర్ ఒక వెంట్రుకంత పైకి నిలిచింది. క్లెవిస్‌ను (పుష్‌రాడ్ కొసన ఉండే కొక్కెం) పుష్‌రాడ్ మీద ఒక చుట్టు తిప్పితే సగం తగ్గింది, ఇంకో చుట్టుకు పొద్దున గాల్లో ఉన్న చోటికే వచ్చింది. పొట్టకు అంటిన ఎర్రమట్టిని తడిగుడ్డతో తుడిచి, రెక్కలు విప్పి అలమరా పైన పెట్టాను.