ఆ కుర్రాడు ఇంకా ఫోన్ చెయ్యలేదు

మావారు లైటు తీసెయ్యమని గొణుగుతున్నారు. నాకేమో నిద్ర రావట్లేదు, అంతా ఆ కుర్రాడి పై సార్జెంట్, అదే ప్లటూన్ సార్జెంట్ పుణ్యమే.

డ్యూటీకి పదే పదే లేటుగా వస్తున్నాడని ఇవాళ ఒక కుర్రాడికి ఆర్టికల్ 15 చదివి వినిపించారు, అంటే మా అమెరికా ఆర్మీలో కోర్టుదాకా పోకుండా కమాండరే తేల్చేసే శిక్ష. దాని కాగితం, డీఏ 2627 ఫారం, తయారు చేసింది లీగల్ ఆఫీసులో సార్జెంట్‌గా ఉన్న నేనే. కావాలంటే ఇది ఒప్పుకోకుండా కోర్టు మార్షల్ అడగొచ్చు, లాయరుతో మాట్లాడుకుని తేల్చుకోవడానికి మామూలుగా 48 గంటలు ఇస్తారు. వాళ్ళ కమాండరైన కెప్టెన్ అదంతా చెప్పి పంపాడో లేదో, ఆ కుర్రాడు తిన్నగా నా టేబుల్ దగ్గరికొచ్చి "సార్జెంట్, మీరైతే ఏం చేస్తారు?" అన్నాడు. లీగల్ ఆవిడకి అన్నీ తెలుసు, వెళ్ళి అడుగు అన్నాడట ఆ ప్లటూన్ సార్జెంట్ మహానుభావుడు.

తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది. కెప్టెన్ దగ్గరే తేలిపోతే మహా అయితే 14 రోజులు అదనపు డ్యూటీ, బయట తిరక్కుండా కట్టడి పడతాయి, 7 రోజుల జీతం, ఒక ర్యాంకు పోతాయి. కోర్టు మార్షల్‌లో నేరం రుజువైతే జైలు దాకా వెళ్ళొచ్చు. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు, కానీ వాడడిగింది అది కాదు. మా పెద్దత్తకి నేనింకా ఆర్మీలో లాయర్నే గానీ, నేను లాయర్లకి కాగితాల పనిలో సాయం చేసే పారాలీగల్‌ని, పైగా కమాండర్ తరఫున కాగితాలు రాసేదాన్ని, వాడికి సలహా ఎలా ఇస్తాను? ఇన్నేళ్ళ సర్వీసున్న మనిషికి ఆ సంగతి తెలియదా? టీడీఎస్‌లో, అంటే సైనికుల తరఫున వాదించే ఆర్మీ విభాగంలో, డిఫెన్స్ లాయర్లున్నారు, పైసా ఖర్చు లేదు, నంబరిదిగో అని మొహం బిగించుకుని చెప్పాను. వాడి మొహం చిన్నబోయింది.

నాన్నయితే అలా పంపేవాడు కాదు. తెనాలిలో దస్తావేజులు రాసే రోజుల్లో ఎవరైనా పొలం అమ్మకానికొస్తే స్టాంపు పేపర్లు పక్కనపెట్టి ముందు కాఫీ తెప్పించేవాడు. ఎందుకమ్ముతున్నావు, అప్పెంత, వడ్డీ ఎంత, ఇంట్లో చెప్పావా అని అన్నీ అడిగి, చివరికి "ఇప్పుడొద్దురా, పంట చూసుకుని రా" అని పంపేసేవాడు, తన రాతకూలి పోయినా సరే. నేను బడి నుంచొచ్చి ఆ బల్ల కిందే కూర్చుని సరిహద్దులు పైకి చదివేదాన్ని, తూర్పు ఫలానావారి పొలం, పడమర పంటకాలువ అంటూ. సలహా అంటే అదే అనుకున్నాను చాలాకాలం. కానీ ఆయన మాట విని ఆగిన ఒకాయన మరుసటేడు వడ్డీలు పెరిగి ఇంకా తక్కువకి అమ్ముకున్నాడు, ఆ తర్వాత మా వీధిలోంచి రావడమే మానేశాడు. నాన్న చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అంటే సలహా ఇవ్వకూడదన్న రూలే మంచిదా? ఏమో, అదీ పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు. అయినా ఆ పొలం ఆయనకి నాన్న తప్ప అడగడానికి ఎవరూ లేరు. వీడికి లాయరున్నాడు, ఫోన్ చెయ్యడానికే భయం. సాయంత్రం అడిగితే ఇంకా చెయ్యలేదన్నాడు, ఆర్మీ బళ్ళుండే మోటర్‌పూల్‌లో పని వదల్లేదట.



రేపు పీటీ అవగానే ఆ సార్జెంట్‌ని పట్టుకుని, వాణ్ణి ఒక గంట వదలమని అడుగుతాను. వినకపోతే కెప్టెన్‌కే చెప్తాను, మొహమాటం లేదు.